సగం పడవతో భూగోళం చుట్టిన కెప్టెన్

మీ పిల్లలతో ఆర్కే బీచ్‌కి వెళ్ళినప్పుడు కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్ళే ఉంటారు. గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరుతూ, గోడలకు అతుక్కున్న ఇరుకు పడకల్ని చూస్తూ, ఇందులో అంతమంది ఎలా ఉండేవారో అని మీరూ అనుకునే ఉంటారు. దాని పొడవు 91 మీటర్లు. అందులో ఎనిమిదో వంతు ఊహించుకోండి. సుమారు 11 మీటర్లు. అంత పొడవున్న ఒక కొయ్య పడవలో, ఇంజను లేకుండా, రెండో మనిషి తోడు లేకుండా, తెరచాపల మీదే ఆధారపడి భూమిని చుట్టి వచ్చారు కెప్టెన్ జాషువా స్లోకమ్. ఒంటరిగా ఆ పని చేసిన మొదటి మనిషిగా చరిత్ర ఆయన్నే చెబుతుంది.

ఆయన సాహసం గురించి మీరు వినే ఉండవచ్చు. ఈ నెల ఆయన జీవితాన్ని మరో వైపు నుంచి చూద్దాం. అంత చిన్న పడవ మీద ఆయన ఏం పెట్టుకున్నారు, ఏం వదిలేశారు, ఎందుకు? ప్రతి జూన్‌లోనూ పిల్లల రోజును గంటల వారీగా సర్దే తల్లిదండ్రులకు ఈ సంగతి పనికొస్తుంది.

బూట్ల కొట్టులో బాల్యం

స్లోకమ్ 1844 ఫిబ్రవరి 20న కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టారు. కుటుంబం తర్వాత అక్కడికి దగ్గర్లోని బ్రయర్ ద్వీపానికి మారింది. తల్లి వైపు తాతగారు ఆ దీవిలో లైట్‌హౌస్ చూసుకునేవారు. తండ్రి జాలరులకు తోలు బూట్లు కుట్టి అమ్మేవారు. పదేళ్ళకే పిల్లవాడిని బడి మాన్పించి కొట్టులో కూర్చోబెట్టారు. కిటికీ బయట సముద్రం, చేతిలో మేకులు, తోలు.

ఆయన కొడుకు రాసిన జీవితచరిత్రలో ఒక సంగతి ఉంది. బూట్లకు మేకులు కొట్టాల్సిన వేళ ఆ పిల్లవాడు చాటుగా కూర్చుని చిన్న ఓడ బొమ్మను చెక్కుతున్నాడు. తండ్రి చూశారు. బొమ్మను ముక్కలు చేశారు. ఆ తండ్రి చెడ్డవాడేమీ కాదు. ఇంటి నిండా పిల్లలు, చాలీచాలని సంపాదన. కొడుకు దారి తప్పుతున్నాడని భయపడ్డారు, అంతే. పద్నాలుగేళ్ళకు ఆ కుర్రాడు ఇంట్లోంచి పారిపోయి ఒక చేపల ఓడలో వంటవాడిగా చేరాడు. కొన్నాళ్ళకు తిరిగొచ్చినా, 1860లో తల్లి పోయాక ఇల్లు వదిలి శాశ్వతంగా సముద్రం మీదికి వెళ్ళిపోయాడు.

బడి ఆగింది కానీ చదువు ఆగలేదు. ఓడల్లో పని చేస్తూనే నక్షత్రాల లెక్కలు, కోణాలు కొలవడం, పటాలు చదవడం నేర్చుకున్నాడు. పద్దెనిమిదేళ్ళకే బ్రిటిష్ ప్రభుత్వ పరీక్ష రాసి సెకండ్ మేట్‌గా అర్హత సంపాదించాడు. ఈ లెక్కల చదువు చాలా ఏళ్ళ తర్వాత పసిఫిక్ మధ్యలో ఎలా అక్కరకొచ్చిందో ముందు ముందు చూస్తారు.

పెద్ద ఓడ నుంచి చిన్న పడవకు

తర్వాతి ఇరవై ఏళ్ళు ఆయనకు పెద్ద డెక్‌ల కాలం. అమెరికా పౌరసత్వం తీసుకున్నారు, కెప్టెన్ అయ్యారు. 1871లో సిడ్నీలో వర్జీనియా వాకర్‌ని పెళ్ళాడారు. ఆమె కాపురమంతా ఓడల్లోనే సాగింది. ఏడుగురు పిల్లలు పుడితే నలుగురే దక్కారు. ఆ నలుగురికీ ఓడలోనే అక్షరాలు దిద్దించింది వర్జీనియాయే. 1880ల మొదట్లో స్లోకమ్ నడిపిన నార్తర్న్ లైట్ అనే ఓడ 200 అడుగులకు పైగా పొడవు, మూడు కొయ్యల నిండా తెరచాపలు. అందులో ఆయనకు వాటా కూడా ఉంది.

అక్కడి నుంచి అంతా తగ్గుతూ వచ్చింది. ఆవిరి ఓడలు తెరచాప ఓడల బేరాలు లాగేసుకున్నాయి. 1884లో బ్యూనస్ ఎయిరిస్ దగ్గర వర్జీనియా జబ్బు చేసి ఓడలోనే కన్నుమూశారు. రెండేళ్ళకు ఆయన హెన్రియెటాని పెళ్ళి చేసుకున్నారు. 1887 చివర్లో ఆయన సొంత ఓడ అక్విడ్‌నెక్ బ్రెజిల్ తీరంలో ఇసుక మేటల మీద పడి పగిలిపోయింది. దానికి బీమా లేదు. భార్య, ఇద్దరు కొడుకులతో పరాయి దేశంలో ఒడ్డున మిగిలారు.

మరొకరైతే చేయి చాచేవారు. స్లోకమ్ పగిలిన ఓడ సామాన్లు, అక్కడ దొరికిన కలప కలిపి 35 అడుగుల పడవ కట్టారు. హెన్రియెటా తెరచాపలు కుట్టారు. 1888 మే 13న దాన్ని నీళ్ళలోకి దించారు. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది సరిగ్గా ఆ రోజే. అందుకే దానికి లిబర్దాదె, అంటే స్వేచ్ఛ, అని పేరు పెట్టారు. నలుగురూ అందులో దాదాపు 5,500 మైళ్ళు ప్రయాణించి అమెరికా చేరారు. నలుగురు మనుషుల తిండి, నీళ్ళు, పక్కలు, తాళ్ళు 35 అడుగుల్లో సర్దడం ఆయనకు అప్పుడు అలవడింది.

పొలంలో నిలబెట్టిన పడవ

1892 నాటికి స్లోకమ్‌కి 48 ఏళ్ళు. పని లేదు. తిమింగలాల వేట మానుకున్న ఒక పాత కెప్టెన్, ఎబెన్ పియర్స్, తన దగ్గర ఒక ఓడ ఉంది, మరమ్మతు చేసుకుంటే నీదే అన్నట్టు కబురు చేశారు. మసాచుసెట్స్‌లోని ఫెయిర్‌హేవెన్‌కి వెళ్ళి చూస్తే అది ఓడ కాదు. సముద్రానికి దూరంగా ఒక పొలంలో, పైన గుడ్డ కప్పి ఆనించి పెట్టిన పాత పడవ. ఒకప్పుడు ముత్యపు చిప్పల జాతి ఆల్చిప్పలు పట్టడానికి వాడినది. పేరు స్ప్రే. ఊళ్ళో వాళ్ళు ఆయన్ని చూసి, దాన్ని విరగ్గొట్టడానికి వచ్చాడనుకున్నారు.

ఆయన దాన్ని మళ్ళీ కట్టారు. దగ్గర్లోని ఓక్ చెట్టును కొట్టి అడుగు దూలం చేశారు. పక్కటెముకల్లా నిలిచే చెక్కల్ని ఆవిరిపెట్టెలో మెత్తబడేదాకా ఉంచి వంచారు. ఒకటిన్నర అంగుళం మందమున్న పైన్ పలకలు బిగించారు. సందుల్లో దూది పురి, దాని మీద నార కుక్కారు. మధ్యమధ్య కూలి పనులు చేసుకుని సామాన్లు కొన్నారు. మొత్తం 13 నెలల శ్రమ, 553 డాలర్ల 62 సెంట్ల ఖర్చు. తేలిన పడవ పొడవు 36 అడుగుల 9 అంగుళాలు, వెడల్పు 14 అడుగుల 2 అంగుళాలు.

డెక్ మీద ఎంత చోటు?

ఇక్కడ మీరు కాస్త కాగితం, పెన్సిల్ తీసుకోవచ్చు. 37 అడుగుల పొడవనగానే పెద్దదే అనిపిస్తుంది. కానీ పడవ ముందూ వెనకా సన్నబడుతుంది. 14 అడుగుల వెడల్పు మధ్యలోనే. అందులో వెనకవైపు 10 అడుగులకు 12 అడుగుల గది ఒకటి, ముందువైపు 6 అడుగులకు 6 అడుగుల వంటగది ఒకటి కట్టారు. రెండూ డెక్ మీదికి మూడేసి అడుగులు లేచి ఉంటాయి. ఇక మిగిలిందెంత? అటూ ఇటూ నడిచే సందు, రెండు గదుల మధ్య కొంత ఖాళీ, ముందు కొయ్య దగ్గర నిలబడే జాగా.

ఆ జాగా ఖాళీగా ఉండాలి. చీకట్లో, వానలో, పడవ ఊగిపోతుండగా ఆ ఒక్క మనిషే చుక్కాని దగ్గర నుంచి కొయ్య దాకా పరుగెత్తి తెరచాప దించాలి. కాలికి తాడో పెట్టెో తగిలి సముద్రంలో పడితే చేయి అందించేవారు లేరు. పైగా స్లోకమ్‌కి ఈత రాదు. డెక్ మీద బరువు పెరిగినకొద్దీ పడవ పక్కకు ఒరుగుతుంది. కట్టని సామాను మొదటి పెద్ద అలకే పోతుంది.

అందుకని బరువైనవన్నీ కిందికి పంపారు. రెండు గదుల మధ్య డెక్ కింద నీళ్ళ పీపాలు, ఉప్పు వేసిన మాంసం, నెలలకు సరిపడా తిండి. గది పక్కల్లో డెక్ కింది సందును పడకగా, అరలుగా మార్చారు. మందుల పెట్టెకు ఒక చోటు. పుస్తకాలకూ చోటు దొరికింది.

ఒక్క చిక్కు మిగిలింది. ప్రతి ఓడకూ ఒడ్డుకు వెళ్ళి రావడానికి చిన్న పడవ కావాలి. 1895 ఏప్రిల్ 24న బోస్టన్ నుంచి బయలుదేరి గ్లాస్టర్ రేవులో ఆగినప్పుడు ఆయన దాని కోసం చూశారు. అక్కడి జాలరులు వాడే డోరీ అనే పడవను డెక్ మీద పెడితే నడిచే చోటంతా అదే తినేస్తుంది. ఒక్కడే దాన్ని పైకి లాగడమూ కష్టమే. స్లోకమ్ ఒక పాత డోరీని తీసుకుని అడ్డంగా రెండు ముక్కలుగా కోశారు. కోసిన వైపు పలకలు బిగించారు. సగం పడవ తయారైంది. ఒక్క మనిషికి అది సరిపోతుంది. తెరచాప ఎత్తే తాడుతోనే దాన్ని పైకి లాగొచ్చు. డెక్ మీద అడ్డంగా పెట్టి నీళ్ళు పోస్తే బట్టలుతికే తొట్టి. అందులో కూర్చుంటే స్నానాల తొట్టి. ఒకే వస్తువు, మూడు పనులు.

దీపం సంగతీ అంతే. బోస్టన్‌లో ఒకావిడ ఇచ్చిన డబ్బుతో రెండు వత్తుల పెద్ద దీపం కొన్నారు. రాత్రి అది వెలుగు, పగలు కొద్ది ఏర్పాటుతో అదే పొయ్యి. స్ప్రేలో చోటు దక్కించుకున్న వస్తువుల్లో చాలావాటికి ఒకటికి మించి పనులుండేవి.

గడియారం లేని చోట లెక్క

ఒక ముఖ్యమైన వస్తువును ఆయన వదిలేశారు. నడిసముద్రంలో తూర్పు పడమరల్లో ఎక్కడున్నామో తెలియాలంటే కచ్చితమైన సమయం తెలియాలి. దానికి క్రోనోమీటర్ అనే ఖరీదైన గడియారం వాడేవారు. ఆయన దగ్గరున్నది పాతబడింది. బాగుచేయడానికి 15 డాలర్లు అడిగారు. ఆయన ఇవ్వలేదు. నోవా స్కోషియాలోని యార్మత్‌లో ఒక రేకు గడియారం కొన్నారు. ధర డాలరున్నర. ముఖం పగిలి ఉండటంతో డాలరుకే వచ్చింది.

ఇది పిసినారితనం అనుకుంటే పొరపాటు. గడియారం చేసే పనిని ఆయన లెక్క మీద పెట్టారు. చంద్రుడికీ సూర్యుడికీ మధ్య కోణం కొలిచి, పట్టికలు చూసి, గంటల తరబడి కూడికలు తీసివేతలు చేస్తే సమయం తెలుస్తుంది. అప్పటికే చాలామంది నావికులు మరిచిపోతున్న పాత పద్ధతి అది. పసిఫిక్‌లో 43 రోజులు నేల కనిపించకుండా వెళ్ళాక ఆయన ఈ లెక్క వేశారు. మొదటి జవాబు తన అంచనాకు వందల మైళ్ళ దూరంలో వచ్చింది. మళ్ళీ చూసుకుంటే తప్పు ఆయన కూడికలో లేదు. అచ్చువేసిన లాగరిథం పట్టికలోనే ఒక తప్పుంది. దాన్ని దిద్ది మళ్ళీ లెక్కిస్తే తానున్న చోటు అయిదు మైళ్ళ తేడాలో తేలింది.

పదేళ్ళకు బడి మానిన మనిషి పట్టికలో తప్పు పట్టారు. ఇందులోంచి చదువు అక్కర్లేదనే అర్థం తీయకండి. డెక్ మీద వస్తువులు ఎంత తగ్గితే తలలో చదువు అంత గట్టిగా ఉండాలి. ఆయన తక్కువ విషయాలే చదివారు, కానీ వాటిని పక్క మనిషి లేకుండా, నిద్రలేని కళ్ళతో కూడా చేయగలిగేంతగా చదివారు.

దారిలో సవరణలు

మొదట వేసిన పథకమే చివరిదాకా ఉండాలని ఆయన పట్టుబట్టలేదు. జిబ్రాల్టర్ చేరి సూయజ్ మీదుగా తూర్పుకు వెళ్దామనుకున్నారు. మధ్యధరా సముద్రంలో దొంగల భయం ఉందని అక్కడి బ్రిటిష్ నౌకాదళ అధికారులు హెచ్చరిస్తే పడవను పడమటికి తిప్పి, మళ్ళీ అట్లాంటిక్ దాటారు. బ్యూనస్ ఎయిరిస్‌లో ముందున్న గాలివానల్ని తలచుకుని తెరచాప కొయ్యను ఏకంగా 7 అడుగులు కోసేశారు. పడవ ముక్కు నుంచి పొడుచుకొచ్చే దూలాన్ని సుమారు 5 అడుగులు తగ్గించారు. మెజెలాన్ జలసంధిలో వెనక చిన్న కొయ్య ఒకటి కొత్తగా కలిపారు. వేగం కొంత తగ్గినా పడవ అదుపులో ఉండటమే మేలని ఆయన లెక్క.

పొరపాట్లూ జరిగాయి. ఉరుగ్వే తీరంలో ఒకరోజు స్ప్రే ఇసుకలో కూరుకుపోయింది. లంగరును లోతు నీళ్ళలో వేయడానికి, లంగరూ దాని తాడూ రెండింటినీ ఆ సగం పడవలోకి ఎక్కించి అలల్లోకి తోశారు. ఒక్క మనిషికని చేసిన పడవ అంత బరువు మోయలేక నీళ్ళు నిండి తిరగబడింది. తనకు ఈత రాదన్న సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. దాన్ని పట్టుకుని తిప్పబోతే మళ్ళీ మళ్ళీ బోర్లాపడింది. చివరికి ఎలాగో నిలబెట్టి, తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు చేరారు. అంత బాగా పనికొచ్చిన సగం పడవే, పట్టనంత బరువు ఎక్కించేసరికి ప్రాణం మీదికి తెచ్చింది.

ఇంకోటి నవ్వొచ్చే సంగతి. సెయింట్ హెలెనాలో ఒక మేకను కానుకగా ఇచ్చారు. పాలిస్తుంది, తోడుగా ఉంటుందని ఆశ. ఆ మేక ఎన్ని తాళ్ళు కట్టినా తెంపుకుని, కరీబియన్ సముద్రపు పటాన్ని తినేసింది. ఆయన గడ్డి టోపీనీ వదల్లేదు. అసెన్షన్ ద్వీపం రాగానే దాన్ని దించేశారు. ఆ పటం లేకుండానే మిగతా దారి వెళ్ళాల్సి వచ్చింది. మంచి మనసుతో ఇచ్చినదైనా ప్రతి కానుకకూ డెక్ మీద చోటు ఉండదు. చుట్టాలు, పక్కింటివాళ్ళు ఫలానా కోర్సు చేర్చమని చెప్పినప్పుడు ఈ మేక మీకు గుర్తుకు రావచ్చు.

చుక్కాని వదిలేస్తే

ఒక్కడే మనిషి. మరి నిద్ర ఎప్పుడు? స్ప్రే గురించి నావికులు ఇప్పటికీ ఆశ్చర్యపడేది ఇదే. తెరచాపల్ని గాలికి తగ్గట్టు సరిచేసి, చుక్కాని చక్రాన్ని తాడుతో కట్టేస్తే ఆ పడవ తనంతట తానే దారి తప్పకుండా పోయేది. అడుగు దూలం పొడవుగా ఉండటం, ముందు వెనక తెరచాపల బలం సరిగ్గా తూగడం అందుకు కారణాలు. ఆస్ట్రేలియా కొసనున్న థర్స్‌డే ద్వీపం నుంచి హిందూ మహాసముద్రంలోని కీలింగ్ కోకోస్ దీవుల దాకా 2,700 మైళ్ళు. 23 రోజులు పట్టింది. అందులో ఆయన చుక్కాని పట్టుకున్నది మొత్తం మూడు గంటలకు మించి లేదు. మిగతా వేళల్లో వండుకున్నారు, తెరచాపలు కుట్టుకున్నారు, పుస్తకాలు చదువుకున్నారు, నిద్రపోయారు.

ప్రయాణం మొదట్లోనే ఇది ఆయన ప్రాణం నిలిపింది. అజోర్స్ దీవుల్లో ఇచ్చిన పళ్ళు, జున్ను తిని, కడుపు నొప్పితో గది నేల మీద పడిపోయారు. మైకంలో, కొలంబస్ కాలపు నావికుడొకడు వచ్చి తన పడవ నడుపుతున్నట్టు కనిపించింది. తెల్లారి లేచి చూస్తే స్ప్రే అనుకున్న దారిలోనే 90 మైళ్ళు వచ్చేసింది. చుక్కాని దగ్గర ఎవరూ లేరు.

ప్రతి క్షణం పట్టుకుని నడపాల్సిన పడవతో ఒంటరి మనిషి భూమిని చుట్టలేడు. సరిగ్గా సర్దిన పడవ కాసేపు వదిలినా దారిలోనే ఉంటుంది. మన పిల్లల విషయంలో మనం కోరుకునేదీ అదే కదా.

ఇంటికి తిరిగొచ్చాక

1898 జూన్ 27న ఆయన అమెరికాలోని న్యూపోర్ట్ చేరారు. మూడేళ్ళ రెండు నెలలు, 46,000 మైళ్ళకు పైగా. తర్వాత పడవను ఫెయిర్‌హేవెన్‌కే తీసుకెళ్ళి, మొదటిసారి నీళ్ళలోకి దించినప్పుడు కట్టిన గుంజకే మళ్ళీ కట్టారు. ఒంటరిగా ప్రపంచం చుట్టిన కథను ఆయన రాసిన పుస్తకం 1900లో వచ్చింది. ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది.

ఆ జీవితానికి ఇంకో పక్క కూడా ఉంది. లిబర్దాదె ప్రయాణం చేసిన హెన్రియెటా స్ప్రే ఎక్కలేదు. ఇంటితో ఆయన బంధం పలచబడింది. మార్తాస్ విన్యార్డ్ అనే దీవిలో పొలం కొన్నారు కానీ నేల మీద నిలవలేకపోయారు. ఒకప్పుడు ప్రతి మేకునూ చూసుకున్న పడవను చివరి ఏళ్ళలో అంతగా పట్టించుకోలేదు. అప్పుడు చూసినవాళ్ళకు తాళ్ళు అరిగి, పడవ కళ తప్పి కనిపించింది. 1909 నవంబరులో, 65 ఏళ్ళ వయసులో, దక్షిణ అమెరికా వైపు మళ్ళీ ఒంటరిగా బయలుదేరారు. ఆయనా స్ప్రే మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. 1924లో కోర్టు ఆయన మరణించినట్టు ప్రకటించింది.

ఏమైందో ఎవరికీ తెలియదు కాబట్టి కారణం ఇదీ అని చెప్పలేం. కానీ సర్దడం ఒక్కసారితో అయిపోయే పని కాదన్నది మాత్రం మనకు అర్థమవుతుంది. నిరుడు పనికొచ్చిన తాడు ఈ ఏడాది పనికొస్తుందో లేదో మళ్ళీ లాగి చూసుకోవాల్సిందే.

మన తీరం, మన పిల్లలు

విశాఖ వాళ్ళకు ఈ విద్య పరాయిది కాదు. జాలరిపేట ఒడ్డు నుంచి తెప్పల మీద వేటకు వెళ్ళిన తరాలు మనకున్నాయి. తాళ్ళతో కట్టిన దుంగల మీద వల, తెడ్డు, తాగే నీళ్ళు, ఇంత అన్నం. అక్కర్లేనిది ఒక్కటి ఎక్కినా మొదటి అలకే దిగిపోతుంది. మన విశాఖకే చెందిన నౌకాదళ అధికారి పి. స్వాతి 2017 సెప్టెంబరు 10న మరో అయిదుగురు మహిళా అధికారులతో కలిసి గోవా నుంచి తారిణి అనే తెరచాప పడవలో బయలుదేరి, ప్రపంచాన్ని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. సుమారు 17 మీటర్ల పడవ, ఆరుగురు మనుషులు, ఎనిమిది నెలలకు పైగా ప్రయాణం. వాళ్ళ ముందున్నదీ అదే ప్రశ్న. దేనికి చోటివ్వాలి?

మీ ఇంట్లో ఆ ప్రశ్న మరో రూపంలో ఉంటుంది. పొద్దున్న ఆరుకు లేచిన పిల్లవాడికి స్కూలు, బస్సు, హోంవర్క్, ట్యూషను, ఫౌండేషన్ కోర్సు, అబాకస్, కోడింగ్, శనివారం డ్యాన్స్. ప్రతిదీ మంచిదే. ప్రతిదాన్నీ ప్రేమతోనే చేర్చారు. కొన్నిటిని మనం స్కూలు నుంచే చేర్చాం. కానీ రోజు పొడవు పెరగదు. అన్నీ ఎక్కాక నడవడానికి సందు లేకపోతే, గాలివాన వచ్చిన రోజు పిల్లవాడు చుక్కాని దగ్గర నుంచి కొయ్య దాకా ఎలా వెళ్తాడు? పరీక్ష పోయిన రోజు, స్నేహితుడితో గొడవైన రోజు, మనతో ఏదో చెప్పాలనుకున్న రోజు, ఆ ఖాళీ చోటే అక్కరకొస్తుంది.

ఈ ఆదివారం ఒక పని చేసి చూడండి. మీ అపార్ట్‌మెంట్ డాబా మీదో, పార్కింగ్‌లోనో సుద్దముక్కతో పిల్లల చేత ఒక పడవ గీయించండి. పొడవు 37 అడుగులు, మధ్యలో వెడల్పు 14 అడుగులు, రెండు కొసలూ సన్నగా. టేపుతో వాళ్ళనే కొలవనివ్వండి. లోపల 10 అడుగులకు 12 అడుగుల గది, 6 అడుగులకు 6 అడుగుల వంటగది గీయమనండి. కొయ్యకు, చుక్కానికి చోటు చూపించమనండి. మిగిలిన సందులో నడిచి చూడమనండి. అప్పుడు మూడేళ్ళ ప్రయాణానికి ఏమేం తీసుకెళ్తారో అడగండి. ఏ వస్తువుకు రెండు పనులున్నాయి? దేన్ని సగానికి కోయొచ్చు? ఏది మేకలాంటిది?

పిల్లలు చెప్పే జవాబులు వినండి, సరిదిద్దకండి. ఆ తర్వాత ఇంట్లోకి వచ్చి, అదే సుద్దముక్కతో పలక మీద వాళ్ళ ఒక్క రోజును గీయమనండి. ఏది ఉండాలో, ఏది దిగిపోవాలో ఈసారి వాళ్ళనే చెప్పనివ్వండి. ఒక్కటి దించినా చాలు. దించిన చోట వెంటనే ఇంకోటి ఎక్కించకుండా, ఒక నెల ఖాళీగా ఉంచి చూడండి.